నేను కల్పించిన యక్షిణి

శుక్రవారం

హమ్మయ్య, మంగళగిరి వెళ్ళొచ్చాక మనసు తేలికపడింది. నా నవలలో రోగాలు పోగొట్టే కలువ యక్షిణికి అక్కడి నా పాఠకురాలు సీతమ్మగారు రోజూ పూజ చేస్తున్నారని, షుగరు మాత్రలు మానేశారేమోనని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ యక్షిణి, మంత్రం, చివరికి అది ఉందని రాసిన తాళపత్ర గ్రంథం పేరు కూడా నేను పటమటలో మా ఇంట్లో కూర్చుని కల్పించినవే. ఆవిడకేమైనా అయితే ఆ పాపం నాదే కదా!

వెళ్ళగానే చెప్పేశాను. “అదంతా నా కల్పనండీ. అలాంటి యక్షిణి లేదు.”

సీతమ్మగారు మగ్గం ఆపి నవ్వారు. “తెలుసమ్మా. అంతా కల్పితమని పుస్తకం మొదట్లో మీరే వేశారుగా. అయినా దీపం పెడితే వస్తుంది.”

“మరి మాత్రలు?”

“రెండు పూటలా వేసుకుంటున్నా. మానేద్దామనుకుంటే ఆ తల్లి తిట్టిపోసింది. రాసిన మీకన్నా ఆవిడకే తెలివెక్కువ!”

మాత్రల డబ్బా కూడా చూపించారు.

బస్సులో గుర్తొచ్చింది. నా నవలలో యక్షిణి ఒక్క మాటా మాట్లాడదు. మరి తిట్టిందెవరు? సీతమ్మగారి మనసే అయ్యుంటుంది. అయ్యుంటుందనే అనుకుంటున్నాను... ఎవరైతేనేం, రోజూ నాలుగు తిట్టినా నాకు సంతోషమే.