ఒంటరిగా అన్నం తినే మనిషి

ఆగస్టు 4, 2019. ఆదివారం. భువనగిరి.

జాషువా పుస్తకం అందింది. పుస్తకం అనకూడదు, స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ కట్ట. పేరు 'కథ కట్టుడు'. కథ రాయడం నేర్పే గైడట! ఇంటర్ పిల్లల గైడ్లలాగే ఛాప్టర్లు, ప్రతి ఛాప్టర్ చివరా ఎక్సర్‌సైజులు. తిరుమలగిరిలో తెలుగు లెక్చరర్, మా రచయితల సంఘంలో నాకు తమ్ముడిలాంటివాడు, చివరికి ఈ దుకాణం తెరిచాడు.

సంఘం అధ్యక్షుడు మల్లేశ్ ఫోన్ చేశాడు. ఇరవై ఐదున చిట్యాలలో మీటింగ్. సంఘం ఒప్పుకుంటే పుస్తకం అచ్చు వేస్తారు, మండలానికో ఆదివారం క్లాసు పెడతారు. కాదంటే తిరుమలగిరిలో జాషువా ఇప్పుడు నడుపుతున్న క్లాసు కూడా బంద్, ఆ గది సంఘానిది గనక. కాటమన్నా, ముందు నువ్వే మాట్లాడాలె, నువ్వు మాట్లాడినంక ఇంకెవ్వడు నోరు తెరవడు అన్నాడు.

నిజమే. తెరవరు.

ఆగస్టు 6

ఇంకా చదవలేదు. చదవకుండానే మీటింగ్‌కు నాలుగు పేజీల ఉపన్యాసం రాశాను. బాగా వచ్చాయి.

ఆగస్టు 9, ఉదయం 6

నా వాదన ఇది. కథ ప్రజల్లోంచి వస్తుంది, పాఠంలోంచి రాదు. కోపం ఉన్నవాడికి టెక్నిక్ అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఇలాంటి గైడ్లు గుట్టలుగా ఉన్నాయి, హైదరాబాద్‌లో వీకెండ్ వర్క్‌షాపులు పెట్టి అమ్ముతున్నారు. పది మెట్లలో కథ, ముప్పై రోజుల్లో నవల. ఈ సరుకును మన ఎర్రనేలలోకి దింపుతావా అని అడుగుతాను.

అదే రోజు, సాయంత్రం

ముందుమాట చదివాను. చదవాల్సింది కాదు.

జాషువా రాసింది: రాయడం పుట్టుకతో రావాలి, నేర్పితే రాదు అనే మాట ఎవరికి లాభం? తాత అటక మీద పుస్తకాలున్న ఇంట్లో పుట్టినవాడికి లాభం. వాడు అన్నంతో పాటే నేర్చుకున్నాడు, నేర్చుకున్నట్టు వాడికే తెలియదు. అందుకే దాన్ని వరం అంటాడు. మా వాడలో డప్పు మంట మీద ఎంత కాచాలో, ఎక్కడ ఆపాలో పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని చూపించారు. నీకు వరం ఉంటే వస్తుంది పో అని ఎవరూ అనలేదు.

మా ఇంట్లో ఏ పుస్తకమూ లేదు. నేనూ అన్నంతో నేర్చుకున్నవాణ్ణి కాదు. అయినా ఆ వరం మాటను మీటింగుల్లో ఎన్నిసార్లు నేనే అన్నాను! ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎన్నిసార్లు చప్పట్లు కొట్టారు!

నా నాలుగు పేజీలు చించలేదు. పక్కన పెట్టాను.

ఆగస్టు 11

జాషువాకు ఫోన్ చేసి ముందుమాట ఉపన్యాసంలా ఉందన్నాను. నవ్వాడు. అన్నా, ఉపన్యాసం అని నువ్వంటున్నవా, జర మళ్లొకసారి అను, రికార్డ్ చేసుకుంట అన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు, ముందుమాటతో కొట్లాడి ఏం లాభమన్నా, ఎక్సర్‌సైజు ఒక్కటన్న చెయ్యి, చేసినంక తిట్టు, అప్పుడు తిట్టు గూడ బరువుంటది.

చేస్తాను. పనికిరాదని నిరూపించడానికే చేస్తాను.

ఆగస్టు 14, మధ్యాహ్నం

ఎక్సర్‌సైజు ఇలా ఉంది. 'నువ్వు జీవితమంతా కొట్లాడిన రకం మనిషిని ఒకణ్ణి తీసుకో. వాడు ఒంటరిగా అన్నం తింటుంటాడు. వాడి గురించి నీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా రాయొద్దు. చేతులు ఏం చేస్తున్నాయో అదే రాయి.'

నాకు మనుషుల కొరతా? హైవే పక్కన చేలను ప్లాట్లు చేసి అమ్మే బ్రోకర్ల మీద నేను వేసిన కరపత్రాలు అన్నీ ఇన్నీ కావు. ఒకణ్ణి కల్పించాను. పేరు అంజయ్య. చిట్యాల దాటాక పాత పత్తిచేను, ఇప్పుడు తెల్లరాళ్లు పాతిన వెంచర్. మిట్టమధ్యాహ్నం. ఎండలో కారు. కారు నీడలో కూర్చుని టిఫిన్ డబ్బా తెరుస్తాడు.

డబ్బాలో బిర్యానీ పెట్టాలనుకున్నాను. దోపిడీ సొమ్ము కదా. పెన్ను జొన్నరొట్టె అని రాసింది. సరే అనుకున్నాను, పైకి రొట్టె, లోపల మోసం, అలా నడిపిద్దాం. రొట్టె పక్కన పుంటికూర వచ్చింది. రాయి మీద రాసుకుపోయిన మోచెయ్యి వచ్చింది. ఉంగరాలున్న చేత్తో రొట్టె తుంచలేక ఉంగరాలు తీసి కారు బానెట్ మీద పెట్టాడు.

ఉంగరాలు తీయమని నేను చెప్పలేదు.

ఆ తర్వాత జరిగింది ఇది. అంజయ్య మొదటి ముక్క తుంచి నోట్లో పెట్టుకోలేదు. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. ప్లాట్ల మధ్య గీసిన ముగ్గుగీత పక్కన, నేల మీద పెట్టాడు. తాను అమ్ముతున్న నేలకు ముందు ముద్ద పెట్టి అప్పుడు తిన్నాడు.

నేను హేతువాదిని! నా మనిషి చేత భూమికి నైవేద్యం పెట్టిస్తానా? కొట్టేద్దామని గీత గీయబోయాను. గీయలేకపోయాను. ఎదురుగా తింటున్న మనిషి చేతిలోంచి ముద్ద లాక్కున్నట్టుంటుంది.

కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. భువనగిరి గుట్ట రోజూ కనిపించేదే. అదంత పెద్దదని ఈరోజే చూసినట్టనిపించింది.

ఆగస్టు 15

జెండా పండుగ అయ్యాక భాగ్యశ్రీకి చదివి వినిపించాను. నా వ్యాసాలు వినిపిస్తే మా ఆవిడ చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఊ కొడుతుంది. ఈరోజు ఊ కొట్టలేదు. చేతిలో కాయ అలాగే ఉంది.

చేన్ల కూసుంటే మొదటి ముద్ద భూమికి పెట్టుడు మా మోత్కూరు దిక్కు అందరు చేస్తరు, నీకు తెల్వదా అంది. చూశానేమో, గుర్తు లేదు అన్నాను. నీకు గుర్తు లేకుంటే వానికెట్ల గుర్తున్నది అని అడిగింది.

ఆ ముద్ద పెట్టే చోటు మళ్లీ చదువుకున్నాను. నేను ఎదురు వాదించకపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు కాబోలు, నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూసింది.

ఆగస్టు 18

అంజయ్య పశ్చాత్తాపపడేలా చేయాలని పొద్దున్నుంచీ ప్రయత్నం. ఒప్పుకోడు. డబ్బా మూత పెట్టి ఉంగరాలు తొడుక్కుంటాడు. మళ్లీ రాస్తే మళ్లీ తొడుక్కుంటాడు.

ఆగస్టు 23

గైడ్ మొత్తం చదివాను. సగంతో తగాదా ఉంది. సంభాషణల ఛాప్టర్ బలహీనం, ముగింపుల ఛాప్టర్ మరీ పొడుగు. మార్జిన్లన్నీ నింపేశాను. కానీ చూడు, ఎక్కడా ఇలాగే రాయమని లేదు. ఇక్కడ నిలబడి చూడు అని ఉంది, అంతే. నిలబడితే కనిపిస్తోంది. ఇన్నేళ్లు మనుషుల తరఫున అరిచాను గానీ ఒక మనిషి తింటుంటే ఆ పూట అంతా చూశానా?

భయంగా ఉంది. మంచి భయం. పెద్ద చెరువు కట్ట మీద నిలబడ్డప్పటి భయం.

ఆగస్టు 25, ఆదివారం. చిట్యాల నుంచి వచ్చాక.

ఉపన్యాసం కాగితాలు సంచిలోనే ఉంచాను. లేచి, పుస్తకం మీద నాకున్న తగాదాలు తర్వాత చెప్తాను, ముందు అందులోని ఎక్సర్‌సైజు నేను చేశాను, వినండి అని పేజీ చదివాను.

చదవడం అయ్యాక హాల్లో ఫ్యాన్ చప్పుడు వినిపించింది. నా ఉపన్యాసాల తర్వాత ఫ్యాన్ ఎప్పుడూ వినిపించలేదు.

మా సంఘంలో ఒక పద్ధతుంది. ఎవరు కథ చదివినా అందరూ కలిసి ముగింపు సరిదిద్దుతారు. కథ దారి చూపాలి. ఈ పద్ధతి పెట్టించిన వాళ్లలో నేనొకణ్ణి. మల్లేశ్ మొదలుపెట్టాడు: అన్నా, మంచిగున్నది, కాని వాడు ముద్ద పెట్టినంక లేఅవుట్ మ్యాప్ చింపి రైతుల ధర్నాల కలిస్తే కథ నిలబడ్తది. ఇంకొకాయన మ్యాప్ చింపుడు చాలదు, కారుకు నిప్పు పెట్టాలె అన్నాడు.

వాడు చెయ్యడు అన్నాను.

ఎందుకు చెయ్యడు, రాసేది నువ్వేగద అన్నాడు మల్లేశ్.

నాకు తెల్వదు, కాని వాడు చెయ్యడు!

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. హాలంతా నవ్వింది. ఏందన్నా, బ్రోకర్‌కు వకీలువైనవా, నీకేమన్న ప్లాట్ ఇస్తనన్నడా అని మల్లేశ్ చురక అంటించాడు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత చెప్పాను, ఈ పుస్తకం నాకు నచ్చని చోట్లు చాలా ఉన్నాయి, అన్నీ రాసిస్తాను. కానీ క్లాసు మూసేస్తే నేను సంఘం గది ముందు ధర్నాకు కూర్చుంటాను. కరపత్రం కూడా వేస్తాను, మీకు నా కరపత్రాలు తెలుసు.

ఓటుకు చేతులెత్తారు. తిరుమలగిరి క్లాసు నడుస్తుంది. మిగతా మండలాల్లోనూ పెడతారు. అచ్చు సంగతి వచ్చే మీటింగ్‌కు వాయిదా. సగం గెలుపే. జాషువా కళ్లు మాత్రం నిండాయి.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు మెచ్చుకుంటాడనుకున్నాను. అన్నా, రెండో పేరా ఉపన్యాసం, తీసెయ్ అన్నాడు.

వాడి బస్సు వెళ్లాక సంచిలోంచి పేజీ తీసి ఆ పేరా మళ్లీ చదివాను.

ఆగస్టు 26

తీసేశాను. ఉపన్యాసమే.

సెప్టెంబర్ 1, ఆదివారం

పొద్దున కాగితం మీదికి గోపమ్మ అని ఒకామె వచ్చింది. అంజయ్య భార్యనంది. అతనికి పెళ్లయిందని నాకు తెలియదు. గడప అవతలే నిలబడింది, లోపలికి రమ్మంటే రాలేదు. ఏదో చెప్పాలని వచ్చింది.

ఏం చెప్తుందో తెలియదు. పెన్ను పట్టుకుని ఆమె చేతులు ఏం చేస్తున్నాయో చూస్తున్నాను.