శ్రావణి గది

జూలై, మంగళవారం

మా శ్రావణి కాలేజీ ఫీజుకి ప్రభుత్వ సాయం రాదు. ఈ రోజు ఢిల్లీ ఆఫీసులో తేలిపోయింది. గుమాస్తా కాగితాలు తిప్పి, "భాయ్‌సాబ్, బిటియా నే బారహ్వీ గాజియాబాద్ సే కీ హై. యహా నహీ హోగా," అన్నాడు. పన్నెండో తరగతి ఢిల్లీ బడిలోనే చదివి ఉండాలట. అతణ్ణి ఏమనను? మా సెక్షన్లో నేనూ రోజూ ఇలాగే ఫైళ్లు వెనక్కి పంపుతాను.

ఢిల్లీ మయూర్ విహార్‌లో ఉన్నప్పుడు మాకు ఒకటే గది. ఎవరైనా వస్తే శ్రావణి చదువు ఆగిపోయేది. అదే అద్దెకి ఇంకో గది వస్తుందని రెండేళ్ల క్రితం గాజియాబాద్‌లోని ఈ వైశాలికి మారాం, బడీ ఇక్కడే చూశాం. మెట్రోలో అరగంట దూరం. ఆ అరగంటలో రాష్ట్రం మారిపోతుందన్న సంగతి సర్కారు ఉద్యోగినైన నాకే తట్టలేదు. ఇక్కడి గాజియాబాద్ ఆఫీసువాళ్లు రెండేళ్ల నివాసం చాలదన్నారు. మా సొంతూరు కాకినాడలో అడిగితే, అక్కడ చదవని పిల్లకి ఇవ్వరట. ఇంకెక్కడికి వెళ్లి అడగాలి?

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ సుజాత అన్నం వడ్డించింది. శ్రావణి మాత్రం "ఠీక్ హై నాన్నా" అంది.

తిన్నాక చూస్తే, తన పుస్తకాలన్నీ తెచ్చి హాల్లో గోడవారగా పేర్చుకుంటోంది.

"ఏంటమ్మా ఇది?"

"మేరా రూమ్ కిరాయే పే దే దో, నాన్నా. ఫీజ్ కా కుఛ్ తో నికలేగా."

తన గది అద్దెకిస్తే ఫీజుకి కొంతైనా వస్తుందట. వద్దని అనాల్సింది. అనలేదు. పక్కన కూర్చుని నాలుగు పుస్తకాలు నేనూ సర్దాను.