షర్కీ మూడో రోజు

టాంజియర్,
మార్చి 4

నా కంటివెలుగు నుహైలాకు,

నీ ఉత్తరం అందింది. తేదీ వేయలేదు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదివే పిల్ల తేదీ లేకుండా ఉత్తరం రాస్తే, ఆమె కట్టే గాలిమర ఏ రోజు తిరుగుతుందో నాకు అనుమానమే. ఫోన్ చేయవచ్చు కదా అని అడిగావు. ఫోన్లో నేను లెక్కలు చెప్పను. నోటితో చెప్పిన లెక్కకు సాక్ష్యం ఉండదు.

నా గాలి పుస్తకం చూసి మీ ప్రొఫెసర్ నవ్వాడని రాశావు. నవ్వనీ. మేడ మీద తాడుకు ఆరేసిన తువ్వాలు ఎగిరిపోకుండా ఎన్ని క్లిప్పులు పెట్టాలి అన్నదే నలభై ఒక్క ఏళ్లుగా నా కొలత. గాలి లేకపోతే సున్నా. ఆరు పెట్టాల్సి వస్తే అది షర్కీ, మన తూర్పుగాలి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు గడులు. మీ అమ్మ పుట్టిన రోజు కూడా పొద్దుటి గడి నేనే నింపి ఆసుపత్రికి వెళ్లాను.

మొన్న సెలవుల్లో నువ్వు వారం రోజులు మేడ మీద యంత్రం పెట్టుకుని, క్లిప్పుకు ఎన్ని మీటర్ల వేగమో కొలుచుకుని వెళ్లావు. నువ్వు తిరిగి రబాత్‌లో కాలేజీకి వెళ్లాక మూడు రోజుల పాటు నా చెయ్యి అలవాటుగా రెండో టీ గ్లాసు అందుకుంది. నాలుగో రోజు ఆ గ్లాసును పై అరలో పెట్టేశాను.

ఇక అసలు సంగతి. ఒకసారి పడిపోయిన షర్కీ అదే రోజు తిరిగి లేచినట్టు నా పుస్తకంలో ఒక్క చోటా లేదు కాబట్టి, గాలి మితిమీరితే తనంతట తానే మడుచుకునే తోక, పోటీకి మీ జట్టు కడుతున్న గాలిమరకు అక్కర్లేదని తేల్చారన్నమాట. తాడు కట్టి చేత్తో లాగితే చాలు, బరువు తగ్గుతుంది, మార్కులు పెరుగుతాయి అన్నావు. ఆ తాడు పట్టుకుని కంబం కింద నిలబడేది నువ్వేనని మాత్రం చివర్లో, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు రాశావు.

తోక ఇంకా కోయించకు. నాలుగు రోజులు ఆగు.

మీ అమ్మమ్మ,
మెన్నానా


టాంజియర్,
మార్చి 8

నుహైలా, నా తల్లీ,

నా పుస్తకంలో ఒక గడి అబద్ధం. ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. నిజానికి ముప్పై ఏళ్లు పట్టింది.

షర్కీకి సరి సంఖ్యలు తెలియవని మన ఊళ్లో అందరూ అంటారు. మూడు రోజులు, ఐదు, లేదా ఏడు వీస్తుంది. మధ్యలో కాస్త ఆగితే, ‘టీ తాగడానికి వెళ్లింది, వచ్చేస్తుంది’ అంటారు రేవులో. ముప్పై ఏళ్ల కిందటి మార్చిలో అది మంగళవారం సూర్యుడు మునిగాక మొదలైంది. గురువారం మధ్యాహ్నానికి ఒక్కసారిగా పడిపోయింది. నేను బడి నుంచి భోజనానికి వచ్చాను. మీ తాతయ్య తుహామీ గుమ్మంలో నిలబడి సముద్రం వైపు చూస్తున్నాడు.

“గాలి పడిపోయింది మెన్నానా. రేవులో మాత్రం ఇది రెండో రోజే అంటున్నారు.”

“మంగళవారం, బుధవారం, గురువారం. వేళ్లు మడిచి చూసుకోండి. మూడు. అయిపోయింది.”

“వాళ్లు రాత్రిని తర్వాతి రోజుకు కలుపుతారే.”

“రేవులో వాళ్లకు అంత లెక్కలొస్తే నా క్లాసులో ఎందుకు తప్పారో అడగండి!”

ఆయన నవ్వాడు. రొట్టె ముక్క జేబులో పెట్టుకుని వెళ్లాడు. వేసిన వలలు తీసుకురావాలి, అంతే.

మనవాళ్లకు రాత్రి ముందు, పగలు తర్వాత. నెలవంక కనిపించిన సాయంత్రమే రంజాన్ మొదలవుతుంది. మంగళవారం పొద్దు మునిగాక లేచిన గాలి బుధవారపు గాలి. ఇది పుట్టినప్పటి నుంచీ నాకు తెలుసు. ఉపవాసాలకు అలాగే లెక్కపెడతాను. కానీ ఆ రోజు నా నోట్లో ఉన్నది బడిలో గోడకు వేలాడే క్యాలెండర్. పొద్దు వాలి అసర్ నమాజు వేళయ్యేసరికి షర్కీ తిరిగొచ్చింది. మేడ మీద ఆరు క్లిప్పులతో సహా తువ్వాలు పోయింది. పడవ మూడు రోజుల తర్వాత దొరికింది. ఆయన దొరకలేదు.

ఆ సాయంత్రపు గడిలో నేను ‘రెండు’ అని, అంటే రెండు క్లిప్పుల గాలేనని రాశాను. ఎవరో అడుగుతారని కాదు. పుస్తకంలోనైనా నా లెక్క తప్పకూడదనుకున్నాను. ఆ తర్వాత రేవు వైపు వెళ్లలేదు. సార్డీన్లు పై బజారులోనే కొన్నాను, అవి నిన్నటివని తెలిసినా. మీ అమ్మకు చెప్పలేదు. తండ్రి ఎందుకు వెళ్లాడని పదేళ్ల పిల్ల అడిగితే, ‘పనికి’ అన్నాను. ఆ ఇంట్లో ఆ మాట తర్వాత ఇంకే మాటా పెద్దగా పెరగలేదు. మీ అమ్మ పెళ్లి చేసుకుని దూరం వెళ్లినప్పుడు కూడా నాకు కారణం అడిగే ధైర్యం రాలేదు.

ఇప్పుడు నువ్వు ఆ ‘రెండు’ని నమ్మి కంబం కింద నిలబడబోతున్నావు. షర్కీ తిరిగొస్తుంది. నేను చూశాను. మడిచే తోకే పెట్టండి. మీ జట్టుకు కారణం చెప్పాల్సి వస్తే నా పేరు చెప్పు.

ఇది చదివాక నాతో మాట్లాడాలనిపించకపోతే అర్థం చేసుకుంటాను. తేదీ మాత్రం వేసి రాయి.

మెన్నానా


టాంజియర్,
ఏప్రిల్ 19

నా నుహైలాకు,

నిన్న నిన్ను బస్సు ఎక్కించి ఇంటికొచ్చేసరికి పొద్దు మునుగుతోంది. నీకు చెప్పని మాట ఒకటి ఉంది.

ముందు పోటీ సంగతి. మలాబాటా కొండ మీద మధ్యాహ్నం గాలి పడిపోయింది. మీ జట్టంతా నా వైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను. పోటీ ముగిసేదాకా షర్కీ రాలేదు. మీ బరువైన తోక ఒక్కసారి కూడా మడుచుకోలేదు. తాడు కట్టుకున్న జట్టు గెలిచింది, మీరు ఐదో స్థానంలో నిలిచారు. మీ జట్టు పిల్ల ఒకతె, “మీ అమ్మమ్మ గాలి ఇవాళ సెలవు పెట్టినట్టుందే!” అంది. నువ్వు రెండు చేతులూ ఎత్తి, “తాడు లేదు కదా, చేతులు ఖాళీగా ఉన్నాయి చూడు” అని వచ్చి నన్ను పట్టుకున్నావు. దీనికి నేను క్షమాపణ చెప్పను. ఒక్క పూట రాలేదని షర్కీ మంచిదైపోదు.

నువ్వు కంబం దించుతుండగా ముఫద్దల్ వచ్చాడు. మీ తాతయ్య పడవలో తోటివాడు. కర్ర పట్టుకుని కొండెక్కాడు. బడి పంతులమ్మనని ఇప్పటికీ ‘ఉస్తాదా’ అనే పిలిచాడు.

“ఉస్తాదా, నేను కనిపిస్తే గొడుగు అడ్డం పెట్టేవారు. ఇవాళ గొడుగు మరిచిపోయారా?”

“మనవరాలి కోసం వచ్చాను. నీ కోసం కాదు.”

“ముప్పై ఏళ్లు ఏ పాపం చేశానని నాతో మాట్లాడలేదు?”

“ఆయన నా లెక్క విని వెళ్లాడని నీకు తెలుసు. అందుకు.”

అతడు కర్ర మీద గడ్డం ఆనించాడు.

“మీ లెక్క వినా? ‘మా ఉస్తాదా మూడంటోంది’ అని రేవునంతా నవ్వించాడు. మరి నువ్వేమంటావురా అంటే, ‘రెండే. కానీ వలలు నీళ్లలో ఉన్నాయి, రేపటికి దారం కూడా మిగలదు’ అన్నాడు. నేను రానన్నాను. రానన్నందుకే మీరు మొహం తిప్పుకుంటున్నారనుకున్నాను.”

అతడు తనవల్లే అనుకున్నాడు. నేను నావల్లే అనుకున్నాను. ఒకే ఊళ్లో ముప్పై ఏళ్లు.

ఇంటికొచ్చి కాసేపు తేలికగా కూర్చున్నాను. తర్వాత కోపం వచ్చింది. నా లెక్క వల్ల పోయాడనుకుని బతికినదాన్ని. తీరా చూస్తే ఆయన నా లెక్కను ఒక్క పూటైనా నమ్మలేదు! గుమ్మంలో ఆ నవ్వు అందుకే. బతికుంటే ఈ ఒక్క సంగతి మీద ఏడాది పోట్లాడేదాన్ని. ముప్పై ఏళ్లలో ఆయన మీద ఇంత కోపం రావడం ఇదే మొదలు. చాలా దగ్గరగా ఉన్నట్టనిపించింది.

పుస్తకం తీశాను. ఆ గురువారం గడిలో ‘రెండు’ కొట్టేసి, ఎర్ర సిరాతో ఇలా దిద్దాను: ‘ఆరు. తువ్వాలు దొరకలేదు.’ ఈ ఉత్తరానికే ఒక నకలు రాసి మీ అమ్మకూ పంపుతున్నాను.

నిన్న పొద్దు మునిగి మగ్రిబ్ నమాజు అయ్యాక షర్కీ మొదలైంది. ఇవాళ పొద్దున్న కూడా తాడు మీద ఆరు క్లిప్పులు. ఇది మొదటి రోజో, రెండో రోజో నేను రాయలేదు. ఆ గడి ఖాళీగా వదిలాను. నువ్వొచ్చి రాయి. రెండో గ్లాసు పై అర నుంచి దించాను. పెన్ను మాత్రం తెచ్చుకో, నాది ఎవరికీ ఇవ్వను.

నీ కోసం చూస్తూ,
అమ్మమ్మ మెన్నానా