ఇప్పచెట్టు కింద చీపురు

తాతా,

నాకు ఉద్యోగమొచ్చింది! హైదరాబాద్‌ల, కంప్యూటర్ గేములకు అడవులు, ఊళ్లు తయారుచేసే ఆఫీసుల. చేసిన పని చూపెట్టుమని పోర్ట్‌ఫోలియో అడిగితే మన ములకలపల్లి అడవినే కంప్యూటర్‌ల చేసి, సీడీల ఎక్కించుకొని పోయిన.

అందంగుంటదని ముందుగాల ఇప్పచెట్టు కింద ఎండాకులు పరిచిన. నువ్వు బతికుంటే తిట్టేటోనివి: "ఆకులల్ల ఇప్పపూలెట్ల ఏరుతరే, పిచ్చిపోరీ?" అందుకే ఆకులన్నీ తీసేసి, నువ్వు ఊడ్చినట్టే సాఫ్ చేసి, చెట్టుకు నీ చీపురు ఆనిచ్చిన.

పెద్దసారు అడవంత చూసి అక్కడనే ఆగిండు.

"గీ చెట్టు కిందనే ఎవరు ఊడ్చిండ్రు?"

"మా తాత సార్. పూలు రాలకముందే ఊడుస్తడు."

"మరి ఏడి?"

"ఇప్పుడే ఊడ్చి పోయిండు సార్" అన్న. నా నోట్లకెల్లి గట్లనే వచ్చింది, తాతా.

సారు నవ్విండు. "చీపురు తియ్యకమ్మా. వస్తడు కదా" అన్నడు.