చదివి వినిపించితిని

హాడో,
4-9-1978.

ప్రభువునందు ప్రియమైన మేరమ్మకు,

ప్రేమయ్య వ్రాయునది. దేవుని కృపవల్ల నా ఒంట్లో కులాసాగానే ఉన్నది. నీ కోళ్లు ఆరూ క్షేమం. అక్కడ నీవూ, నీ చెల్లెలు సారా, ఆమె ఇంటివారూ కుశలంగా ఉన్నారని తలుస్తాను. సారాకు కంటి కట్టు విప్పినప్పుడు మొట్టమొదట ఏమి కనిపించిందో అడిగి రాయవలసినది.

నీ ఉత్తరం శనివారం అందింది. ప్రతిసారీ చేసినట్లు ఈసారి తప్పులు దిద్దడానికి ఎర్ర సిరా తీయలేదు. నీవు రాసినది రాసినట్లే ఉంచి రెండుమార్లు చదువుకున్నాను. కారణం ఈ ఉత్తరం ముగిసేలోపల నీకే తెలుస్తుంది.

నీవు నాలుగు సంగతులు అడిగావు. వంట సంగతి: అన్నం వార్చడం వచ్చినది, చేపల పులుసు మాత్రం నీవు వచ్చేదాకా వాయిదా వేశాను. వంటింటి చూరు కారుతున్నదా అంటే, కారుతున్నది. కింద గిన్నె పెట్టాను. మూడవది, సింహాచలమ్మకు దుప్పటి ఇచ్చారా అని. ఇచ్చాను. అయితే దానిని రేవు పక్కనున్న రేకుల షెడ్డులో ఇవ్వలేదు, ఊరవతల బ్రూక్షాబాద్ దాకా నడిచిపోయి ఇచ్చాను. ఆ వివరమే రాయబోతున్నాను. నాలుగవదానికి జవాబు చివర ఇస్తాను.

వీధుల పారిశుధ్యమూ, ఇల్లులేనివారి షెడ్డూ ఎట్లా నడుస్తున్నవో కనిపెట్టి చూడడానికి కౌన్సిలు వేసిన పర్యవేక్షక సంఘంలో నేను సభ్యుడినని ఊరంతా చెప్పుకున్నదానివి నీవే. రోజూ తెల్లవారగానే గొడుగు పట్టుకొని డైరీ ఫార్మ్ నుంచి రేవు దాకా నడిచి, ఏ కాలువ పూడినదో, ఏ మలుపులో చెత్త మిగిలినదో పుస్తకంలో ఎక్కించేవాడిని. పదిహేను నెలల్లో ఆ పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదు. సంఘానికి అధ్యక్షుడు మన యేసురాజు. మన ఇంట మూడేళ్లు నీ చేతి అన్నం తిని, నా దగ్గర చదువుకొని, పెళ్లినాడు మనిద్దరి కాళ్లకూ మొక్కిన యేసురాజు.

ఆగస్టు మొదటి ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత అతడు నన్ను గుడి మెట్ల మీద ఆపాడు.

“మాస్టర్‌జీ, షెడ్డుకి కొత్త రేకులూ, ఒక నీళ్ల పంపూ అడుగుదాం. అర్జీ మీరే రాయండి, మీరే చదివి వినిపించండి. నేను చెప్తే ఎవడు వింటాడు? మీరు చదివితే ఆళ్లు కళ్లు మూసుకొని నిశానీ వేస్తారు.”

ఆ మాటకు నేను సంతోషించాను. సంతోషించాననే రాయాలి కదా. రెండు రోజులు కూర్చొని అర్జీ రాశాను. షెడ్డులో ఉన్న పదకొండుగురినీ కూర్చోబెట్టి, ఒక్కొక్క వాక్యం చదివి అర్థం చెప్పాను. సింహాచలమ్మ ముందు వరసలో కూర్చున్నది. ఇరవై ఏళ్లు మన వీధి ఊడ్చి, ఒంట్లో సత్తువ తగ్గి పని పోయిన నెలలోనే క్వార్టరు కూడ పోగొట్టుకున్న మనిషికి ఆ షెడ్డుకంటె వేరే ఇల్లు లేదు. “పంపొస్తే తానం ఇక్కడే సేసుకోవచ్చు” అని పక్కవాళ్లతో అన్నది. పదకొండుగురూ వేలిముద్రలు వేశారు.

గత నెల ఇరవై రెండున, మంగళవారం ఉదయం, కౌన్సిలు చెత్త లారీ షెడ్డు ముందు ఆగింది. వాళ్ల మూటలు ఎక్కించారు, వాళ్లనూ ఎక్కించారు. బ్రూక్షాబాద్ చివర గుట్ట మీద, రేకులు తప్ప గోడలు లేని ఒక పాకలో దింపి వెళ్లారు. రేవు దగ్గరి షెడ్డులో ఇప్పుడు కొత్త లారీ, తోపుడు బళ్లూ ఉన్నవి. వానకు తడవకుండా ఉన్నవి.

ఆఫీసుకు పరుగెత్తాను. గుమాస్తా ఫైలు తీసి చూపించాడు. టైపు చేసిన కాగితంలో ఉన్నదేమిటంటే, ‘మేము మా ఇష్టపూర్వకంగా ప్రస్తుత షెడ్డును ఖాళీ చేసి, చూపిన చోటికి పోవుటకు సమ్మతించుచున్నాము.’ దానికి అతికించిన రెండవ కాగితంలో పదకొండు వేలిముద్రలు. అటునుంచి అటే యేసురాజు ఇంటికి వెళ్లాను.

“కూర్చోండి మాస్టర్‌జీ. చాయ్ తాగుతారా?”

“నేను చదివిన అర్జీ ఏది, యేసురాజూ?”

“ఎక్కడికి పోద్ది? ఫైల్లోనే ఉంటది. అయినా రేకులు అడిగారు, ఇచ్చాం కదా? అక్కడివన్నీ కొత్త రేకులే.”

“గోడలు?”

“బనేగా, బనేగా, అవీ కడతాం. అరే మాస్టర్‌జీ, అంత మంచి లారీ వానలో ఉంటే పాడైపోదా? సర్కారీ చీజ్, సర్కారు సొమ్ము.”

“మనుషుల మాటేమిటి?”

“మనుషులకి కాళ్లున్నాయి కదండీ. లారీకైతే తోలేవాడుండాలి!” అని తన మాటకు తానే నవ్వాడు. వాకిట్లో కూర్చున్న ఇద్దరు కూడ నవ్వారు. నన్ను చూచి లేచి నిలబడవలసినవాళ్లు, మేరమ్మా; ఇద్దరికీ గుణింతం నేర్పినవాడిని నేనే. ఆ తరువాత యేసురాజు మరొక మాట అన్నాడు. దానిని కొంచెం ఆగి రాస్తాను.

గురువారం దుప్పటి తీసుకొని గుట్ట ఎక్కాను. పక్క నుంచి కొడుతున్న జల్లుకు అందరూ పాక నడుమకు జరిగి ముడుచుకొని కూర్చున్నారు. హాడో బజారులో కొట్ల ముందు ఊడిస్తే సింహాచలమ్మకు రెండు పూటలా ఇంత తిండి దొరికేది. ఆ గుట్ట మీదినుంచి బజారుకు ఆ మోకాళ్లతో ఎట్లా నడుస్తుంది?

“సెత్త బండిలోనే ఎక్కించినారు బాబూ” అన్నది. “ఇరవై యేళ్లు నేనెత్తిన బండే. ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసుగాబట్టి పడిపోనేదు.”

మన వరండాలో వచ్చి పడుకోమన్నాను. తల అడ్డంగా ఊపింది. దుప్పటి చేతికిస్తే వెంటనే అందుకోలేదు. “ఇది అమ్మగారు పంపిందేనా? నిజవేనా?” అని అడిగి, నేను రెండుసార్లు చెప్పిన తరువాత తీసుకున్నది. సింహాచలమ్మ నా మాటను రెట్టించి అడగడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు యేసురాజు అన్న ఆ మాట రాస్తాను. ఇది రాయకుండా మూడు రోజులుగా కలం మూస్తున్నాను, తెరుస్తున్నాను.

“నన్నెందుకు గద్దిస్తారు? ఆ ముద్రల కింద లైను నేను రాశానా? మీ చేతిరాత కాదా అది?” అన్నాడు.

నా చేతిరాతే, మేరమ్మా. అర్జీని ఆఫీసులో టైపు చేయించి తరువాత పైన జతచేస్తామనీ, ముద్రలు విడిగా ఒక కాగితం మీద తీసుకోమనీ అతడు చెప్పి పంపాడు. ఆ కాగితం పైభాగమంతా తెల్లగా ఉన్నది. పదకొండు ముద్రలూ పడిన తరువాత, నా అలవాటు చొప్పున, కింద గుండ్రని అక్షరాలతో, ‘పై విషయము చదివి వినిపించితిని, విని, ఒప్పుకొని వేసిన నిశానీలు’ అని రాసి సంతకం చేశాను. పైన ఏ విషయమూ లేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు ‘ఖాళీ కాగితం మీద సంతకం చేయవద్దు’ అని చెప్పిన చేయి అది.

ఇంకొకటి కూడ చెప్పాలి. వేలు ముంచబోతూ సింహాచలమ్మ ఆగింది. “పైనేటీ నేదేటి బాబూ?” అని అడిగింది. అక్కడ ఉన్నవారందరిలో ఆ ప్రశ్న అడిగినది ఆమె ఒక్కతే. నేను, “నేదు కాదు, లేదు అనాలి” అని అందరినీ నవ్వించి, ఆమె వేలు పట్టుకొని నేనే సిరాలో ముంచాను. యేసురాజు నన్ను మోసగించాడు, అది నిజం. ఆమెను మోసగించినది యేసురాజు కాదు.

శుక్రవారం కౌన్సిలుకు నా వాంగ్మూలం ఇచ్చాను, ఉన్నది ఉన్నట్లు. సంఘానికి రాజీనామా కూడ ఇచ్చాను. ఆదివారం గుడిలో యేసురాజు నాకు రెండు వరసల ముందు కూర్చొని ప్రార్థన చేశాడు. చక్కగా చేశాడు, ఒక్క తప్పు లేదు. నా వాంగ్మూలం ఒక్కటే చాలదట. ముద్రలు వేసినవారే ‘ఇది మా సమ్మతి కాదు’ అని అభ్యంతరం ఇవ్వాలట. ఇరవై ఏడవ తేదీ సమావేశంలో షెడ్డు మార్పు ఖాయమైతే ఇక అడగడానికి ఉండదట. అభ్యంతర పత్రం రాసి నిన్న మళ్లీ గుట్ట ఎక్కాను. చదవబోతే సింహాచలమ్మ బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించింది. ఆమెను చూచి మిగిలిన పదిమందీ చేతులు వెనక్కు తీసుకున్నారు.

“నీ సదువు ఇన్నాం బాబూ. ఇంకొద్దు” అన్నది.

వేరే ఎవరిచేతనైనా చదివిస్తానన్నాను. నా దగ్గర చదివినవాళ్లు యేసురాజు మాట దాటరనీ, ఇప్పటి మన పిల్లలకు మాట్లాడడమే తప్ప తెలుగు చదవడం రాదనీ ఆమెకూ తెలుసు. చివరకు, “అమ్మగారు సదివితే ఏస్తాను” అన్నది. ఎందుకని అడిగాను. “అమ్మగారు అచ్చరం మీద వేలు పెట్టి సదువుతాది. ఏటీ నేని కాడ ఆ వేలు ఆగిపోద్ది” అన్నది.

అక్షరాల కింద వేలు పెట్టి చదువుతావని నలుగురిలో నిన్ను ఎన్నిసార్లు వేళాకోళం చేశానో నాకు గుర్తున్నది. నీకూ గుర్తుండే ఉంటుంది.

నీ నాలుగవ ప్రశ్నకు జవాబు ఇదే. ‘సారాకి బాగానే ఉంది, ఇంకో నెలుండమంటారా వచ్చీమంటారా’ అని రాశావు. వచ్చేయి. పందొమ్మిదిన విశాఖపట్నం నుంచి ఓడ ఉన్నది; సమావేశానికి నాలుగు రోజుల ముందే చేరుతావు. సారాకు నా మాటగా క్షమించమని చెప్పు.

అభ్యంతర పత్రం నకలు ఈ కవరులోనే పెట్టాను. ఓడలో తీరికగా, వేలు పెట్టి చదువు. నీ వేలు ఆగిన చోటల్లా గుర్తు పెట్టు. ఎర్ర పెన్సిలు కూడ కవరులో వేశాను.

ఇట్లు,
రేవులో నీకోసం కాచుకొని ఉండే
నీ భర్త,
ప్రేమయ్య.