మార్చి ముప్పై ఒకటి దాకా

ఆగస్టు 9

ఇంజను గది దొరగారికి,

ఆదివారం ఫోన్లో అంతా బాగానే ఉందన్నాను. బాగా లేదు. నువ్వు మాట్లాడే గదిలో ఎప్పుడూ ఇంకో ఇద్దరు తమ వంతు కోసం నిలబడి ఉంటారు, ఇక్కడ పక్క గదిలో అత్తయ్య ఉంటారు. అందుకని కాగితం పట్టుకున్నాను. వచ్చే రేవులో మీ ఏజెంటు దీన్ని నీ చేతికిస్తాడు.

ఆరేళ్ళ కిందట మనం ఆ పెట్టుబడుల సలహాదారు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన నా జీతం కాగితాలన్నీ చూసి ఏమన్నాడో నీకు తెలుసు. "మీది ఆటగాళ్ళ ఉద్యోగం లాంటిదమ్మా. రాబడి ఎక్కువ, ఆయుష్షు తక్కువ. కంపెనీ చేతులు మారినా, మీరు అమ్మే కృత్రిమ మోకాలి కీళ్ళు వాడే పెద్ద డాక్టరు ఒకాయన రిటైరైనా కమీషన్ సగమైపోతుంది. వచ్చినన్నాళ్ళూ సగం దాచి నలభై అయిదుకి ఆపేయండి," అన్నాడు. మనం అలాగే చేశాం. కారు మార్చలేదు, సెలవులకి ఊరు దాటలేదు. ఇక మిగిలింది కంపెనీ నాకిస్తానన్న ఆ షేర్లే. మార్చి ముప్పై ఒకటిన నేను ఉద్యోగంలో ఉంటే అవి నావి. ఒక్క రోజు ముందు నేను మానేసినా, వాళ్ళు తీసేసినా సున్నా. అవి చేతికొస్తే నేను ఆగిపోవచ్చు, నువ్వు ఓడ దిగిపోవచ్చు. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయింది, ఒకే కప్పు కింద ఎన్నేళ్ళున్నామని లెక్కేస్తే ఎనిమిది కూడా తేలడం లేదు.

ఇంక అసలు సంగతి. పోయిన నెల ఆసుపత్రి లిఫ్టులో ఒకావిడ నా పక్కన నిలబడింది. బ్యూటీ పార్లరు నడుపుతుందట, రోజంతా నిలబడే పని. కర్ర పట్టుకుని ఉంది. "మోకాలు మార్పించుకుని ఏడాదిన్నరయిందండీ, మొదటి ఆర్నెల్లు పరుగెత్తాను, ఇప్పుడు అడుగు వేస్తే లోపల ఏదో కదులుతోంది," అని నాతో చెప్పింది. నేనెవరో ఆవిడకి తెలియదు. ఆపరేషన్ థియేటర్లో ఆవిడ మత్తులో ఉంది, నేను మాస్కులో ఉన్నాను. డాక్టరు వెనక నిలబడి "నాలుగో సైజు సరిపోతుంది సార్" అని ఆ కీలు అందించింది నేనే. మూడో అంతస్తులో ఆవిడ దిగిపోయింది. నేను దిగాల్సింది కూడా అక్కడే, కానీ దిగలేదు.

ఇంటికొచ్చి నా నోటుబుక్కు తీశాను. ప్రతి ఆపరేషనూ అందులో రాసుకుంటానని నువ్వు ఎగతాళి చేస్తావు కదా. ఈ కొత్త రకం కీలు వచ్చాక రెండేళ్ళలో నా చేతుల మీదుగా నూట నలభై పెట్టారు. ఫిజియోథెరపీ వాళ్ళని, వార్డు నర్సుల్ని మాటల్లో పెట్టి కనుక్కున్నాను. తొమ్మిది మంది నొప్పితో వెనక్కొచ్చారు. అందులో ఏడుగురివి రెండే రెండు బ్యాచ్‌ల కీళ్ళు. కింది ఎముక మీద కూర్చునే ప్లేటు ఎముకకి అతికించే సిమెంటుకి పట్టుకోవడం లేదని నా అనుమానం.

మేనేజరుకి చెప్పాను. ఆయన తలుపు మూసి, కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు. "చూడమ్మా, సిమెంటు కలిపేది డాక్టరు. ఆయన చేతి తప్పుకి మనం గుండెలు బాదుకోవడమెందుకు? పైగా తొమ్మిది ఒక లెక్కా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మార్చిలో నీవి వస్తున్నాయి కదూ. నావీ అప్పుడే. పండబోయే చేనుకి నిప్పు పెట్టుకుంటామా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ మర్నాటి నుంచి నా ఆపరేషన్ల పట్టిక రోజూ తనకి పంపమన్నాడు. ఇదివరకెప్పుడూ అడగలేదు.

నేను నోరు మూసుకుందామనుకుంటున్నాను. ఎనిమిది నెలలే కదా. ఆ రెండు బ్యాచ్‌ల పెట్టెలు నా గోడౌనులో వెనక్కి నెట్టేసి, కొత్తగా ఎవరికీ అందకుండా చూస్తాను. మార్చి దాటాక అన్నీ చెప్పేస్తాను. ఇది తప్పు కాదని నువ్వు ఒక్క మాట రాయి. నువ్వు రాస్తే నేను నిద్రపోగలను.

నీ
పెట్టెల రాణి


సెప్టెంబరు 21

నీకు,

నీ జవాబు ఇంకా రాలేదు. ఓడ దారి మళ్ళించారని ఏజెంటు చెప్పాడు, నా ఉత్తరం ఏ రేవులో ఎదురుచూస్తోందో. బహుశా రెండూ ఒకేసారి నీకు అందుతాయి. ఈ రెండోది చదివేటప్పుడు కూర్చుని చదువు.

మంగళవారం మధ్యాహ్నం ఒక ఆపరేషన్ వాయిదా పడి తొందరగా ఇంటికొచ్చాను. తలుపు నా తాళంతో తీశాను. అత్తయ్య మెట్ల మీద ఉన్నారు. నిలబడి కాదు, కూర్చుని. వెనక్కి తిరిగి కూర్చుని, రెండు చేతులూ ఆనించి, ఒక్కో మెట్టూ నడుము ఎత్తుకుంటూ పైకి జరుగుతున్నారు. ఎడమ కాలు కట్టెలా ముందుకు చాపి ఉంది. నన్ను చూసి, "మెట్లు తుడుస్తున్నానమ్మాయ్," అన్నారు. చేతిలో గుడ్డ లేదు.

నేను వెళ్ళి కింది మెట్టు మీద కూర్చున్నాను. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏం ఎన్నాళ్ళు? అరవై ఎనిమిదేళ్ళ కాలు, అప్పుడప్పుడూ అలుగుతుంది."

"అత్తయ్యా."

"ఏప్రిల్ నుంచి," అన్నారు.

ఆ మోకాలు ఎవరు పెట్టించారు? నేనే. ఆవిడ వద్దు వద్దంటే, "మా కంపెనీలో సరికొత్తది, ముప్పై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు" అని ఒప్పించి, నాకిచ్చే తగ్గింపు ధరలో తెప్పించి, థియేటర్లో నేనే నిలబడి సైజు చెప్పాను. నీకు మొదటి ఉత్తరంలో నూట నలభై అని రాసినప్పుడు ఆ నూట నలభైలో మీ అమ్మ ఉన్నారని నాకు తెలుసు. ఆవిడ బ్యాచ్ ఏదో నోటుబుక్కులో చూడకుండా ఆ పేజీ దాటేశాను. ఈ మాట రాయడానికి నాకు అరగంట పట్టింది. తొమ్మిది మందిని వెతికిన దాన్ని, మన ఇంట్లో మనిషిని మాత్రం ఎలా ఉందని అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

మర్నాడే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రేలో ప్లేటు కింద సన్నటి నల్లగీత, ఎముకకీ దానికీ మధ్య సందు పడ్డ గుర్తు. ఆయన దాన్ని వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. నేను మిగతా తొమ్మిది పేర్లూ ఆయన బల్ల మీద పెట్టాను. ఆ డాక్టరుకి కోపమొస్తే పరికరాలు గోడకి తగులుతాయని నీకు చెప్పాను కదా, అలాంటిదేమీ జరగలేదు. "ఇందులో అయిదుగురికి నొప్పి మనసులోనే ఉందని చెప్పి పంపించాను," అన్నాడు నెమ్మదిగా. అంతే.

రిపోర్టు రాయాలని ఆసుపత్రిలోనే నిశ్చయించుకున్నాను. కానీ ఇంటికొచ్చి కూర్చుంటే వాక్యం కుదరడం లేదు. "అనుమానంగా ఉంది", "కావచ్చు", "అయినప్పటికీ" అని రాస్తున్నాను. అత్తయ్య నా భుజం మీద నుంచి చదివి, "లే అక్కణ్ణుంచి," అన్నారు. ముప్పై మూడేళ్ళు కోర్టులో టైపిస్టుగా చేసిన మనిషి. "పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పు. ఎవరికి, ఏ తేదీన, ఏ నంబరుది. నీకు ఎలా అనిపించిందో ఎవడికి కావాలి?" అన్నారు. నేను చెప్పాను, ఆవిడ టైపు కొట్టారు. పదో పేరు దగ్గర ఆగకుండా తన పేరు తనే టైపు చేసుకున్నారు.

అది వైద్య పరికరాల తనిఖీ కార్యాలయానికి ఒకటి, ఆసుపత్రికి ఒకటి, మా కంపెనీ పై వాళ్ళకి ఒకటి వెళ్ళింది. నీ జవాబు కోసం ఆగలేదు. ఆగితే నువ్వు ఏం రాస్తావోనని కూడా ఆగలేదు. మార్చి ఇక మనది కాదు. నువ్వు ఇంకెన్నాళ్ళు ఆ ఇంజను గదిలో ఉండాలో నాకు తెలియదు. నీ తరఫున నేను నిర్ణయం తీసేసుకున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ
పెట్టెల రాణి


అక్టోబరు 14

రాణీ,

రెండు ఉత్తరాలూ ఒకే కవరులో అందాయి. మూడుసార్లు చదివాను. తిట్టడానికి నాకు హక్కు లేదు. ఎందుకు లేదో చెప్పకపోతే నేను మనిషినే కాదు.

అమ్మ మోకాలి సంగతి నాకు మే నెలలోనే తెలుసు. నువ్వు క్యాంపులో ఉన్న ఒక ఆదివారం ఫోన్లో తనే చెప్పింది. "కీలు లోపల ఊగుతోందిరా, అమ్మాయితో చెప్పనా?" అని అడిగింది. నేను వద్దన్నాను. "అది ఊరుకునే మనిషి కాదమ్మా. నీకే కాదు, ఇంకెంతమందికి ఇలా ఉందో తవ్వి తీస్తుంది, కంపెనీ మీదికి వెళుతుంది, ఉద్యోగం పోతుంది. మార్చి దాకా ఓర్చుకో. ఏప్రిల్లో నేనే వచ్చి చూపిస్తాను," అన్నాను. అమ్మ "సరేలే," అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను అడిగేవాణ్ణి, "ఎలా ఉంది?" అని. "బాగానే ఉంది" అనేది. అది అబద్ధమని తెలిసి కూడా హమ్మయ్య అనుకునేవాణ్ణి.

నేను రోజూ ఇంజను చప్పుడు విని ఎక్కడ బోల్టు వదులైందో చెప్పగలను. అందుకే నాకు జీతమిస్తారు. మా అమ్మ గొంతులో నొప్పి వినపడలేదని చెబితే ఎవరు నమ్ముతారు?

నీ మొదటి ఉత్తరంలో నువ్వు ఊరుకుందామనుకున్నావని చదివి అదిరిపోయాను. నువ్వు ఊరుకోవని నమ్మి నేను అమ్మ నోరు మూయించాను. నువ్వేమో మన ఇద్దరి కోసం నీ నోరే మూసుకోబోయావు. ఇద్దరం కలిసి బతకడానికి వేసుకున్న ప్లానుకి మా అమ్మ కాలు చెల్లించాం. నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగే ధైర్యం లేదు.

నీ
మనిషి


డిసెంబరు 3

నీకు,

నీ ఉత్తరం అందిన తర్వాత పద్దెనిమిది రోజులు నీకు ఏమీ రాయలేదు. నువ్వు చేసిన రెండు ఫోన్లూ నేను ఎత్తలేదు. కోపం ఇంకా ఉంది. కానీ నిన్ను తిడదామని కలం పట్టుకున్న ప్రతిసారీ నేను దాటేసిన ఆ పేజీ అడ్డం వస్తోంది. దొంగలిద్దరూ ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకున్నట్టుంటుందని ఊరుకున్నాను.

ఇక్కడి సంగతులు చెబుతాను. రిపోర్టు వెళ్ళిన పన్నెండో రోజున మేనేజరు ఇంకొకాయన్ని వెంటబెట్టుకుని వచ్చి కారు తాళాలు, లాప్‌టాప్, గోడౌను తాళాలు తీసుకున్నాడు. "కంపెనీ రహస్యాలు బయట పెట్టినందుకు" అని కాగితంలో రాశారు. వెళ్ళేటప్పుడు నా ముఖం చూడలేదు. షేర్లు పోయాయి. వకీలు ఒకావిడ పోరాడదామంటోంది, ఏళ్ళు పట్టొచ్చని కూడా అంటోంది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ రెండు బ్యాచ్‌లనీ మాత్రం తనిఖీ వాళ్ళు ఆపించారు. కంపెనీ ఇంకా ఒప్పుకోలేదు. డాక్టర్ల చేతి తప్పేనని ఇప్పటికీ వాదిస్తోంది.

అత్తయ్యకి నవంబరు పంతొమ్మిదిన మళ్ళీ ఆపరేషన్ అయింది. ఆసుపత్రి వాళ్ళు వేరే కంపెనీ కీలు తెప్పించారు. పదిహేడేళ్ళలో మొదటిసారి నేను థియేటరు తలుపుకి ఇవతల కూర్చున్నాను. బయట కుర్చీల్లో ఎంత చలిగా ఉంటుందో, గడియారం ఎంత నెమ్మదిగా తిరుగుతుందో నాకు అప్పటిదాకా తెలియదు. మూడు గంటలయ్యాక పెద్ద డాక్టరు మాస్కు దించుకుంటూ వచ్చి, "ప్లేటు చేత్తో లాగితే వచ్చేసింది. ఒక్క చుక్క సిమెంటు కూడా అంటుకోలేదు. ఇది నా చేతి తప్పు కాదు," అన్నాడు. తీసిన ప్లేటు సీలు వేయించి తనిఖీ కార్యాలయానికి తనే పంపాడు.

అయిదో రోజున నీ ఉత్తరం అత్తయ్య చేతిలో పెట్టాను. పెట్టకూడదేమో తెలియదు, కానీ ఇంక ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ కాపాడటానికి దాచడం నాకు ఇష్టం లేదు. కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివి మడిచారు.

"వాడు అడిగాడు, నేను ఒప్పుకున్నాను. అడగడం వాడి తప్పయితే ఒప్పుకోవడం నాదీ," అన్నారు.

"మీరెందుకు ఒప్పుకున్నారు?"

"మీరిద్దరూ ఆ తేదీ గురించి మాట్లాడేటప్పుడు మీ ముఖాలు చూడాలి. ఇరవయ్యేళ్ళ పిల్లల్లా ఉండేవారు. నా కాలు పోతేపోయిందిలే అనుకున్నాను." ఉత్తరం నాకు తిరిగిచ్చి, "అయినా అమ్మాయ్, ఆగిపోయాక ఏం చేస్తారో ఒక్కసారైనా అనుకున్నారా? ఎప్పుడు ఆగాలో తప్ప ఇంకేమీ మీ నోట వినలేదు," అన్నారు.

 నిజంగానే మనం ఎప్పుడూ అనుకోలేదు.

నాకు పని దొరికింది. ఆ కీలు పెట్టించుకున్న వాళ్ళందరినీ వెతికి, ఫోన్ చేసి, పరీక్షకి రప్పించే పని ఆసుపత్రి నాకిచ్చింది. ఇదివరకటి రాబడిలో అయిదో వంతు కూడా రాదు. రోజూ పదిమందికి ఫోన్ చేస్తున్నాను. కొందరు ఏడుస్తారు, కొందరు తిడతారు, ఒకాయన "నేను బాగానే ఉన్నాను, నన్నెందుకు భయపెడతావ్?" అని పెట్టేశాడు. మొదటి ఫోను పార్లరావిడకి చేశాను. నేనెవరో చెప్పాను, ఆ రోజు థియేటర్లో ఉన్నానని, లిఫ్టులో ఉన్నానని కూడా.  "అయితే నా నొప్పి నిజమేనన్నమాట," అంది ఆవిడ.

దాచింది మనకి ఉంది. దానితో ఇద్దరం కూర్చుని తినలేం, భయపడకుండా బతకగలం. నువ్వు ఇంకో ఆరేళ్ళు ఓడలోనే ఉంటావో, రేవులో తక్కువ జీతానికి ఏదైనా చూసుకుంటావో నువ్వే తేల్చుకో. నలభై అయిదు, యాభై అని ఏ తేదీ రాయకు. నువ్వు ఇంట్లో ఉండాలని నాకు ఉంది. కోపంతోనే ఉంది.

ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం, నాకు ఫోన్ చేయకు, అత్తయ్యకి చెయ్యి. ఎలా ఉందని అడుగు. "బాగానే ఉంది" అంటే మళ్ళీ అడుగు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టాక, వెనక ఎంతమంది వంతు కోసం నిలబడి ఉన్నా సరే, అయ్యేదాకా విను.

నీ
భార్య