గాజంత కన్నం

బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
18 ఏప్రిల్ 2010, ఆదివారం

ప్రియమైన మార్తక్కకి,

నీ చెల్లి డోరా వందనాలు. కవరు మీద నా దస్తూరీ చూసి కూడా చింపేయకుండా ఇంతదాకా చదివావంటే నేను సగం గెలిచినట్టే. ఫోన్లో నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే కోపమొచ్చి పక్కన పడేసినా, వంట అయ్యాక మళ్ళీ తీసి చదువుకోవచ్చు కదా!

అక్కా, మా ఇంట్లో ఏసీ పెట్టించాం! పదకొండు నెలలు మాటల్లేని చెల్లెలు ఏసీ గురించి రాయడమేమిటని విసుక్కోకు. మొన్న గురువారం మధ్యాహ్నం, బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటున్న వేళ, నేను మంచం దగ్గర్నించి బీరువా దాకా, బీరువా దగ్గర్నించి కిటికీ దాకా గోడ పట్టుకోకుండా నడిచాను. ఒకసారి కాదు, ఆరుసార్లు! మీ మరిదిగారు కుర్చీలో కూర్చుని లెక్కపెట్టారు. ఆరోసారికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఇందులో గొప్పేముంది అంటావు. చెబుతాను. దానికి ముందు కెజియా పెళ్ళినాటి సంగతి చెప్పాలి.

నీ కూతురే అయినా, కెజియా డిగ్రీ చదివిన మూడేళ్ళూ మా దగ్గరే ఉంది. మాకు పిల్లల్లేని లోటు ఆ మూడేళ్ళు తెలియలేదు. అలాంటి పిల్ల పెళ్ళిలో నేను వాక్యం చదవాలని నువ్వే అడిగావు. మే నెల, నరసాపురం, పన్నెండు గంటలు, గుడి నిండా జనం, కరెంటు లేదు. పేరు పిలవగానే లేచాను. కాళ్ళు నావి కావనిపించింది. తడిసిన గోనెసంచులు కట్టినట్టు బరువు. బైబిలు తెరిస్తే అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కిపోయాయి. నేను తూలాను. నీ వియ్యాలవారి వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. మీ మరిది నన్ను చంక కింద పట్టుకుని ఆటోలో వేసి లాడ్జికి తీసుకెళ్ళి తడి దుప్పటి కప్పారు. సాయంత్రానికి ఏమీ జరగనట్టు లేచి కూర్చున్నాను. అదే నా కొంప ముంచింది. మామూలుగా నడుచుకుంటూ నీ వాకిట్లోకి వచ్చేసరికి, "నువ్వు చేసిన నిర్వాకం చాలు, ఇక వెళ్ళు" అన్నావు. నేను తాగి వచ్చానని అందరూ అనుకుంటున్నారని రైలెక్కాక మీ మరిది చెప్పేదాకా నాకు తెలియలేదు. చుక్క ముట్టని నేను, పదిహేనేళ్ళు పిల్లలకి సండే స్కూల్ చెప్పిన నేను!

ఆగస్టులో నరాల డాక్టరు తలకీ వెన్నుకీ స్కానింగులు తీయించి పేరు చెప్పారు. మల్టిపుల్ స్క్లెరోసిస్. కరెంటు తీగ మీద తొడుగు అక్కడక్కడా ఊడిపోయినట్టు, నా నరాల మీది పొర పాడైందట. ఒళ్ళు వేడెక్కితే మెదడు చెప్పిన మాట కాళ్ళకీ కళ్ళకీ సరిగ్గా అందదట. ఒళ్ళు చల్లబడితే మళ్ళీ అందుతుందట. ఇంత చిన్న మాట నీకు ఎందుకు చెప్పలేదంటే, సాకు అనుకుంటావని. అసలు సంగతి చెప్పనా? నాకే అనుమానంగా ఉండేది. పొద్దున బాగుండి, మధ్యాహ్నం పడిపోయి, సాయంత్రం మళ్ళీ బాగుండే రోగం ఎక్కడైనా ఉంటుందా, నేనే మనసు బలం లేక నటిస్తున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఈ వేసవికి స్కూల్లో రాజీనామా ఇచ్చేద్దామని కాగితం రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను కూడా. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా చాక్‌పీసు జారిపోయే టీచరు ఎవరికి కావాలి?

డాక్టరు ఏసీ పెట్టించుకోమన్నప్పుడు మాకు అది జరిగే పనిగా కనిపించలేదు. మీ మరిది వాళ్ళ రైల్వే ఆఫీసులో ఉన్నట్టు కప్పు కింద రేకు గొట్టాలు పరిచి చల్లగాలి తిప్పాలంటే మా దూలాల కప్పు తల మీదకి వస్తుంది. కిటికీలో పెట్టే ఏసీ అయితే ఉన్న ఒక్క కిటికీ మూసుకుపోతుంది. పైగా మా ఇంటావిడ అక్బర్ బీ, "మా మామ చేయించిన టేకు కిటికీ, రంపం తగిలితే ఊకోను" అని తేల్చేసింది. కూలరు పెట్టి చూశాం. ఆ తడిగాలికి దుప్పట్లు చెమ్మగిల్లడం, ఆ రొదలో ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడకపోవడం, అంతే మిగిలింది.

అప్పుడు వచ్చాడు చాంద్‌పాషా అనే మెకానిక్కు. ఇల్లంతా చూసి, "గొట్టాలొద్దు, కిటికీ జోలికి పోవద్దు, స్ప్లిట్ ఏసీ పెడ్దాం" అన్నాడు. అది రెండు ముక్కలక్కా. ఒకటి గదిలో గోడ మీద, ఒకటి బయట డాబా మీద. రెంటినీ కలపడానికి సన్న రాగి గొట్టాలు, అంతే. అక్బర్ బీ నడుం మీద చెయ్యేసుకుని వచ్చేసింది.

"ఏందీ, గోడకు బొక్క గొడ్తరా? రెండడుగుల సున్నపు గోడ గిది. జెర సోచాయించుండ్రి, ఆలోచన చెయ్యుండ్రి."

"ఖాలా, మీ చేతికున్న గాజు ఉన్నది గదా, గంత బొక్క చాలు," అన్నాడు చాంద్‌పాషా, ఆవిడని పిన్నిలా వరసపెట్టి.

ఆవిడ నమ్మకుండా గాజు తీసి గోడకి ఆనించి, చుట్టూ తనే పెన్సిలుతో గీసింది! "ఈ గీత దాటినవంటే సూడు" అని అక్కడే స్టూలు వేసుకుని కూర్చుంది. డ్రిల్లు మొదలైంది. అరగంటైనా అవతలికి రాదు. పాతకాలం గోడ మరి. ఆవిడకే ఓపిక నశించి అటువైపు వరండాలోకి పరుగెత్తింది. కాసేపటికి కేక: "సున్నం రాలుతున్నది! ఒస్తున్నది, ఒస్తున్నది! కొట్టు బేటా, కొట్టు!" కన్నం పడగానే ఆవిడ అటునుంచి కన్ను పెట్టి, "డోరమ్మా, నువ్ కనబడుతున్నవ్!" అంది. నవ్వలేక చచ్చాం.

మెషీను వేశాక ఏమైందో చెప్పనా? ఏమీ వినపడలేదు. మొత్తుకునేదంతా డాబా మీద మొత్తుకుంటుంది, గదిలో మటుకు గోడగడియారం టిక్కుటిక్కు వినపడుతోంది. కిటికీ కిటికీలాగే ఉంది, వెలుతురు అలాగే వస్తోంది. దుప్పట్లు పొడిగా, కరకరలాడుతున్నాయి. ఇల్లంతా చల్లబరచక్కర్లేదు, నేనున్న గది ఒక్కటి చాలు, ఎంత చల్లదనం కావాలో రిమోటు మీద నా వేలు చెబుతుంది. కరెంటు కోత వచ్చినా అక్బర్ బీ మామగారి గోడలు చాలాసేపు ఆ చలవని పట్టి ఉంచుతున్నాయి. గాలిలో దుమ్ము వడపోసే జల్లెడ కూడా ఉంది లోపల, దాన్ని నెలకోసారి కడుక్కోవాలట. ఆ పని అక్బర్ బీ అప్పుడే తన పేరు మీద రాయించేసుకుంది!

అరగంట కూర్చున్నాను. తర్వాత లేచాను. ఆరుసార్లు నడిచాను. పేపరు తీసి సినిమా హాళ్ళ పేర్లు, ఆ చీమకాళ్ళంత అక్షరాలు, గడగడా చదివాను. అక్కా, రోగం పోలేదు. డాక్టరు పోతుందని చెప్పలేదు. ఎండలోకి వెళితే మళ్ళీ అదే నడక. కానీ నేను నటించలేదు! నా ఒళ్ళు అబద్ధం చెప్పలేదు! ఇది నాకు నేను రుజువు చేసుకున్నాను, అందుకే ఇప్పుడు నీకు రాసే ధైర్యం వచ్చింది. నమ్ముతావో లేదో నీ ఇష్టం. కెజియాకి మాత్రం నా సంగతి చెప్పు. పిన్ని తన పెళ్ళిలో తాగి తూగలేదని ఆ పిల్లకి తెలియాలి.

నీ చెల్లి,
డోరా


నరసాపురం
26 ఏప్రిల్ 2010

డోరా,

దీవెనలు. నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. రాయడానికి కూర్చోవడం, లేచిపోవడం. మీ బావగారు చూసి చూసి, "పోనీ నేను రాయనా?" అన్నారు. వద్దన్నాను. ఇది నేనే రాయాలి.

నువ్వు తాగి వచ్చావని ఎవరో అనుకున్నారని రాశావు. ఎవరో కాదమ్మా. ఆ మాట పుట్టించింది నేను.

నిన్ను ఆటో ఎక్కించగానే వియ్యపురాలు సీతామహాలక్ష్మి గారు నా పక్కకి వచ్చి, "మీ చెల్లెలికి ఏమైనా జబ్బా? మీ వంశంలో మూర్ఛలు గట్రా ఉన్నాయా?" అని అడిగారు. ఇంకా ఉంగరాలు మార్చలేదు. పెళ్ళికూతురు పాస్టరుగారి ముందు నిలబడి ఉంది. నీ నడక తాగినవాళ్ళ నడక కాదని నాకు తెలుసు. నీకు ఏదో అయిందని నా కళ్ళతో చూశాను. చూసి కూడా, "జబ్బేం లేదండీ, సికింద్రాబాదు అలవాట్లు, తాగి ఉంటుంది" అన్నాను. తాగితే ఒక్కదాని పరువు పోతుంది, జబ్బంటే పిల్ల పెళ్ళి ఆగిపోతుంది అనుకున్నాను. సాయంత్రం నువ్వు నవ్వుతూ వాకిట్లోకి వస్తే, నిన్ను అక్కడ ఉంచితే నా అబద్ధం బయటపడుతుందని వెళ్ళగొట్టాను. ఫోను పెట్టేసింది కోపంతో కాదు డోరా. "బాగున్నావా అక్కా" అని నువ్వు అంటుంటే వినలేక.

ప్రభువు ముందు చాలాసార్లు ఒప్పుకున్నాను. నీ ముందు ఒప్పుకోలేదు. అది ఒప్పుకోవడం కాదని నీ ఉత్తరం చదివాక తెలిసింది.

నిన్న ఆరాధన అయ్యాక కెజియా అత్తవారింటికి వెళ్ళాను. నీ ఉత్తరం వాళ్ళందరి ముందూ బయటికి చదివాను. ఎవరి మాట వల్ల నీకు ఆ పేరు వచ్చిందో కూడా చెప్పాను. సీతామహాలక్ష్మి గారు ఉత్తరం అడిగి తీసుకుని మళ్ళీ చూసుకున్నారు. తర్వాత, "ఆ రోజు నవ్వింది మా వాళ్ళే" అన్నారు. కెజియా నాతో మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. దానికి ఆ హక్కుంది. నీకూ ఉంది.

నన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. నడిచావన్నావే, ఆరుసార్లు, ఆ ముక్క మాత్రం రోజూ చదువుకుంటున్నాను.

నీ అక్క,
మార్త


బన్సీలాల్‌పేట్
3 మే 2010

మార్తక్కకి,

నీ ఉత్తరం చదివిన రోజు నేను అన్నం తినలేదు. రెండో రోజు నిన్ను తిడుతూ నాలుగు పేజీలు రాశాను, చాలా బాగా వచ్చాయి, అవి పోస్టు చేయడం లేదు. ఎవరో లోకులు నన్ను అలా అనుకున్నారంటే ఓర్చుకున్నాను. నువ్వన్నావంటే చాలా నొప్పిగా ఉంది. అది ఈ ఉత్తరంతో పోయిందని రాస్తే నేనూ అబద్ధమాడినట్టే.

మూడో రోజు కెజియా ఫోను చేసింది. "పిన్నీ, సెలవులకి నీ దగ్గరికి వస్తా" అని, ఇక ఇద్దరం ఏడుపే. ఆ తర్వాత, "అమ్మని కూడా తీసుకురానా? నువ్వు వద్దంటే తీసుకురాను" అంది. నేను ఆలోచించకుండానే తీసుకురమ్మన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. కానీ అన్నమాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. వియ్యంకుల ఇంట్లో, అల్లుడి ముందు నిలబడి నీ తప్పు నువ్వే చెప్పావు. నేనైతే చెప్పగలిగేదాన్ని కాదు.

ఇంకో కబురు! శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ గారిని కలిశాను. రాజీనామా కాగితం ఇవ్వడానికి కాదు, జబ్బు పేరు చెప్పడానికి. నీకు చెప్పాక ఎవరికైనా చెప్పగలననిపించింది. ఆవిడ అంతా విని, బడి తెరిచాక నాకు పొద్దున మొదటి మూడు పీరియడ్లే ఇస్తానన్నారు, కింది అంతస్తులో. మధ్యాహ్నాలు మా గదిలో పదో తరగతి ఆడపిల్లలకి లెక్కలు చెబుతున్నాను. ఆరుగురు చాప మీద కూర్చుంటారు. ఏసీ కింద చోటు కోసం కొట్టుకుంటారు గానీ ఒక్కరూ పాఠానికి ఎగనామం పెట్టరు! అక్బర్ బీ గడపలో కూర్చుని, "తలుపు ముయ్యుండ్రి, సల్లదనం పోతున్నది" అని కాపలా కాస్తుంది. మా ఇంటికి పనికొచ్చిన గొప్ప వస్తువు ఏసీ అంటే ఆవిడ ఒప్పుకోదు, తన గోడ అంటుంది.

అక్కా, కెజియాతో కలిసి బయలుదేరు. సిగ్గుపడి ఆఖరి నిమిషంలో ఆగిపోకు. రైలు పొద్దున్నే వస్తుంది, అప్పటికి ఎండ ఎక్కదు. స్టేషనుకి మీ మరిదిని పంపను, నేనే వస్తాను. ఒకటో నంబరు ఫ్లాట్‌ఫారం మీద టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటాను. నడుస్తూ నేను తూలితే, ఎవరు చూస్తున్నారని అటూ ఇటూ చూడకు. వచ్చి పట్టుకో.

నీ చెల్లి,
డోరా